అడవి జంతువుల వీడియోకి ఏ లెన్స్, ఏ కెమెరా? తిరుపతి చుట్టుపక్కల తీసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో పెళ్ళి వీడియోలు తీసి బతికేవాణ్ణి. ముహూర్తాలు లేని నెలల్లో తలకోన అడవి, నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు తిరుగుతుంటాను. కెమెరా బ్యాగు కనిపిస్తే చాలు, "అన్నా, ఏ లెన్స్ కొనాల?" అని మొదలుపెడతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికి పోండి. ధరలు నెలనెలా మారతాయి, అందుకే రాయలేదు. నా పక్షపాతం మాత్రం ముందే చెప్పేస్తా: మనవాళ్ళు డబ్బంతా లెన్స్‌లో పోసేసి, దాన్ని నిలబెట్టే ట్రైపాడ్ దగ్గరికొచ్చేసరికి జేబు దులిపి చూపిస్తారు.

## కొనకముందు

పెళ్ళిళ్ళకు వాడే కెమెరా, 70-200 ఎంఎం జూమ్ లెన్స్ ఉన్నాయి. వాటితో మొదలుపెట్టొచ్చా?

నిక్షేపంగా. ముందు ఆ లెన్స్‌తో ఇంటి వెనక ఉడుతనో, చెరువు గట్టున కొంగనో నెల రోజులు తీయండి. ఒక్కో షాటు 20 సెకన్లు, కెమెరా కదలకుండా, మధ్యలో జూమ్ చేయకుండా. చెప్పినంత సులువు కాదది. ఆ నెలలో మీకు నిజంగా దూరం సరిపోవట్లేదా, లేక ఓపిక సరిపోవట్లేదా అన్నది తేలిపోతుంది. రెండోదైతే లక్షలు మిగిలినట్టే.

అసలు ఎన్ని ఎంఎం కావాల? 600 లేకపోతే కుదరదా?

ఎంఎం అంటే లెన్స్ ఫోకల్ లెంత్, అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ముందు ఇది చెప్పండి: జంతువు ఏది, ఎంత దూరంలో దొరుకుతుంది, ఏ వేళలో? ఈ మూడూ తెలియకుండా ఎంఎం లెక్క మాట్లాడటం కాలి కొలత లేకుండా చెప్పులు కొనడమే.

ఒక చిన్న లెక్క ఉంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) వెడల్పు 36 ఎంఎం. జంతువు ఉన్న దూరాన్ని మీటర్లలో తీసుకుని 36తో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగిస్తే ఆ దూరంలో మీ ఫ్రేములో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. నేలపట్టులో 100 మీటర్ల అవతల చెట్టు మీద గూడబాతు ఉందనుకోండి. 600తో చూస్తే ఫ్రేము వెడల్పు 6 మీటర్లు, పక్షి పొడవు మీటరుంబావు పైన, అంటే ఫ్రేములో ఐదో వంతు. ఫోటో తీసేవాడు దీనికి పెదవి విరుస్తాడు కానీ వీడియోకి అది మంచి షాటే, పక్క గూళ్ళూ పిల్లలూ కూడా కనిపిస్తాయి.

అదే తలకోనలో 15 మీటర్ల దూరాన కొమ్మ మీద బెట్టుడుత దొరికితే 400కే ఫ్రేము వెడల్పు 1.35 మీటర్లు. తోకతో కలిపి అది దాదాపు మీటరు ఉంటుంది కాబట్టి ఫ్రేము నిండిపోతుంది. అక్కడ 600 పెడితే తోక తెగుతుంది. పైగా తలకోన ఉన్న శేషాచలం అడవి లోపల చెట్లు అడ్డం, 40 మీటర్ల అవతల ఆకులు తప్ప ఏమీ కనపడవు. అక్కడ కొరత పడేది వెలుతురు, లెన్స్ పొడవు కాదు. పులికాట్‌లో తిరగబడుతుంది: వెలుతురు బోలెడు, ఫ్లెమింగోలు మాత్రం మీరు కారు దిగగానే ఇంకో 50 మీటర్లు వెనక్కి జరుగుతాయి. అక్కడ 600 కూడా చాలదనిపిస్తుంది.

కాబట్టి మీరు ఎక్కువగా పోయే చోటును బట్టి కొనండి. రెండు చోట్లకూ పోయేవాళ్ళు జూమ్ లెన్స్ తీసుకోండి.

ఫోటోలకు బాగా పనికొచ్చే లెన్స్ వీడియోకి కూడా అంతే కదా?

అంతే కాదు. ఫోటోకి సెకనులో వెయ్యో వంతు షార్ప్‌గా ఉంటే చాలు. వీడియోలో 20 సెకన్లూ బాగుండాలి. అందుకే వీడియోకి చూడాల్సినవి వేరే: జూమ్ చేస్తే లెన్స్ ముందుకు పొడుచుకొస్తుందా (వస్తే బరువు ముందుకు పోయి ట్రైపాడ్ మీద తల వాల్చేస్తుంది), ఫోకస్ మారేటప్పుడు ఫ్రేము ఉబ్బినట్టు కనిపిస్తుందా, మోటార్ చప్పుడు చేస్తుందా, ఫోకస్ రింగు నెమ్మదిగా తిప్పితే నెమ్మదిగానే కదులుతుందా.

కొనేదా, అద్దెకు తెచ్చుకునేదా?

ఏడాదికి పది రోజులు తీసేవాళ్ళకు అద్దే మేలు. తిరుపతి స్టూడియోల దగ్గర 24-70, 70-200, 85 తేలిగ్గా దొరుకుతాయి, పెద్ద టెలిఫోటో కావాలంటే చెన్నైకో బెంగళూరుకో పోవాలి. చెన్నై దగ్గర, మూడు గంటల ప్రయాణం.

ఒక్క జాగ్రత్త. తీసుకునేటప్పుడే ప్రతి వస్తువూ బిగించి చూడండి. ఒకసారి ఒక అద్దె షాపులో లెన్స్, ట్రైపాడ్ హెడ్ (కెమెరా కూర్చునే పైభాగం) రెండూ తీసుకుని తెల్లవారుజామున పులికాట్‌లో శ్రీహరికోట రోడ్డు మీద దిగాను. ఇంకా చీకటి. హెడ్ బయటికి తీసి చూస్తే దాని పైన ఉండాల్సిన ప్లేటు లేదు. రెండంగుళాల రేకు ముక్క. అది లేకపోతే కెమెరా ట్రైపాడ్ మీద కూర్చోదు. కల్వర్టు గోడ మీద తువ్వాలు మడిచి పెట్టి, దాని మీద లెన్స్ ఆనించి, గాలి పీల్చకుండా తీశాను. ఎండ ఎక్కేదాకా తీసినదాంట్లో రెండు షాట్లు పనికొచ్చాయి.

## లెన్స్ ఎంచుకునేటప్పుడు

సోనీ 200-600, నికాన్ 180-600, కెనాన్ 100-500: వీటిలో ఏది తీసుకోవాల?

మీ దగ్గర ఏ కంపెనీ బాడీ (లెన్స్ లేని కెమెరా) ఉందో దాని లెన్స్. దీని కోసం కంపెనీ మార్చే పని పెట్టుకోవద్దు. బాడీ కూడా కొత్తగా కొనేవాళ్ళయితే నా ఓటు సోనీ 200-600 లేదా నికాన్ 180-600. రెండూ లోపలే జూమ్ అవుతాయి, పొడవు మారదు, ట్రైపాడ్ మీద ఒకసారి బ్యాలెన్స్ చేస్తే ఇక రోజంతా దాని జోలికి పోనక్కర్లేదు. రెండూ 2 కిలోల చుట్టుపక్కలే. సోనీది 2019 నుంచి ఉంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ దొరుకుతుంది.

కెనాన్ 100-500 కిలోన్నరే, కొండ ఎక్కేవాళ్ళకు హాయి. కాకపోతే జూమ్ చేస్తే సాగుతుంది, 500 దగ్గర ఎఫ్ 7.1కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). కెనాన్ 200-800 పులికాట్‌కి చూడ్డానికి భలే ఆశ పుట్టిస్తుంది, కానీ 800 దగ్గర ఎఫ్ 9, ఎండ తగ్గిందంటే మూట కట్టుకోవాల్సిందే.

టెలికన్వర్టర్ పెట్టేస్తే సరిపోదా?

లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి బొమ్మను ఇంకా దగ్గరికి తెచ్చే ముక్క అది. 1.4 ఎక్స్ పెడితే ఒక స్టాపు (అంటే సగం) వెలుతురు పోతుంది, 2 ఎక్స్‌కి రెండు స్టాపులు. ఎఫ్ 4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్‌కి 1.4 పెట్టడం న్యాయం. ఎఫ్ 6.3 జూమ్‌కి 2 ఎక్స్ పెడితే ఎఫ్ 13 అవుతుంది, తలకోనలో దానితో తీసేది గ్రైన్ (బొమ్మ మీద పడే చుక్కలు) ఒక్కటే. దానికంటే కెమెరాలోనే క్రాప్ మోడ్ (సెన్సార్ మధ్య భాగంతోనే తీయడం) వేసుకోండి, వెలుతురు తగ్గదు.

టీవీ డాక్యుమెంటరీల్లో వాడే ఆ పెద్ద లెన్స్ ఏంది?

చాలాసార్లు మీరు చూసేది కెనాన్ సీఎన్20 అయి ఉంటుంది. 50 నుంచి 1000 ఎంఎం దాకా ఒకే లెన్స్, లోపలే ఉన్న 1.5 ఎక్స్ ఎక్స్‌టెండర్ వేస్తే 1500 దాకా పోతుంది, బరువు 6.6 కిలోలు. ఏనుగు మంద మొత్తం చూపిస్తూ మొదలుపెట్టి, లెన్స్ మార్చకుండా దాని కంటి రెప్ప దాకా పోవచ్చు. దాని ధరకు తిరుపతిలో ఫ్లాటు వస్తుంది, చూసి ఆనందించండి.

## కెమెరా బాడీ

ఫుల్ ఫ్రేమా, క్రాప్ సెన్సారా?

ఎక్కువగా తెల్లవారుజామున, సాయంత్రం, చెట్ల కింద తీస్తారా? ఫుల్ ఫ్రేమ్. పగటి పూట పక్షులా? క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) తీసుకుని మిగిలిన డబ్బు ట్రైపాడ్‌కి పెట్టండి, 400 లెన్స్ మీకు 600 అంత దగ్గరగా చూపిస్తుంది. పానాసోనిక్ లాంటి మైక్రో ఫోర్ థర్డ్స్ (ఇంకా చిన్న సెన్సార్) కెమెరాల్లో ఇది రెండింతలు: 100-400 లెన్స్ 200-800లా పనిచేస్తుంది, మొత్తం బ్యాగు భుజానికి తేలిక. చీకటి పడితే మాత్రం అది ముందు చేతులెత్తేస్తుంది.

బాడీలో ఏ ఫీచర్లు చూడాల? సేల్స్‌మన్ యాభై చెప్పాడు.

10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా దాచే) రికార్డింగ్, 4కెలో సెకనుకు 50 లేదా 100 ఫ్రేములు, పక్షి కంటిని పట్టుకునే ఆటోఫోకస్. వీటి తర్వాత నేను వెతికేది ప్రీ రికార్డింగ్. కొంగ నీళ్ళలో చూస్తూ అరగంట నిలబడి, ఒక్క క్షణంలో చేపను పొడుస్తుంది. మీరు బటన్ నొక్కేసరికి చేప గొంతు దిగిపోయి ఉంటుంది. ప్రీ రికార్డింగ్ ఉన్న కెమెరా, బటన్ నొక్కడానికి ముందు కొన్ని సెకన్లు కూడా దాచి ఉంచుతుంది. కెనాన్ ఆర్6 మార్క్ 2లో ఇది 3 లేదా 5 సెకన్లు. కొనే ముందు మీ మోడల్లో వీడియోకి ఉందో లేదో అడగండి, కొన్నింట్లో ఫోటోలకే ఉంటుంది.

మే నెలలో కెమెరా వేడెక్కి ఆగిపోతోంది, ఏం చేయాల?

మన ఊళ్ళో 40 డిగ్రీలు దాటే ఎండకి ఫ్యాన్ లేని చిన్న బాడీలు 4కె 50 ఫ్రేముల్లో తట్టుకోవు. స్క్రీన్‌ని బాడీ నుంచి విప్పి పెట్టండి, తెల్ల గుడ్డ కప్పండి, తాళం వేసిన కారులో వదలొద్దు. నిజం చెప్పాలంటే మేలో పదకొండు నుంచి నాలుగు దాకా జంతువే నీడన పడుకుంటుంది, మీరూ పడుకోండి.

## ట్రైపాడ్, హెడ్

ఇంట్లో ఫోటోల ట్రైపాడ్ ఉంది, సరిపోదా?

సరిపోదు. ఎందుకో ఇంట్లోనే చూసుకోండి: లెన్స్‌ని 600కి పెట్టి, వీధి చివర కరెంటు స్తంభం మీద కాకిని ఫ్రేము చేసి, ఒక వేలితో హ్యాండిల్ ముట్టుకోండి. కాకి ఎగిరిపోకుండానే ఫ్రేములోంచి పోతుంది.

కావాల్సింది ఫ్లూయిడ్ హెడ్. లోపల చిక్కటి జిడ్డు ద్రవం ఉండి, పక్కకి తిప్పినా పైకి ఎత్తినా ఒకే రకంగా ఆపుతూ ఉంటుంది, అందుకే మొదలూ చివరా జెర్క్ లేకుండా వస్తాయి. దాంట్లో రెండు చూడండి. ఒకటి కౌంటర్ బ్యాలెన్స్: హ్యాండిల్ వదిలేసినా కెమెరా ముందుకు వాలకుండా ఆగాలి. కెమెరా, లెన్స్, మైకు, బ్యాటరీ కలిపి ఇంట్లో కాటా మీద తూచుకుని ఆ బరువును మోయగలిగే హెడ్ తీసుకోండి, పెద్ద జూమ్‌తో మూడు నాలుగు కిలోలకు తగ్గదు. రెండోది పొడవైన ప్లేటు, ముందుకీ వెనక్కీ జరిపి బరువు మధ్యకి తెచ్చుకోవడానికి. కాళ్ళు 75 ఎంఎం బౌల్ ఉన్నవి అయితే కొండ వాలులో కాళ్ళు సర్దకుండా గిన్నె తిప్పి లెవెల్ చేసుకోవచ్చు.

బడ్జెట్‌లో మూడో వంతు దీనికే పోయినా బాధపడకండి. బాడీలు మూడేళ్ళకోసారి మారుస్తారు, మంచి హెడ్ పదేళ్ళు ఉంటుంది.

గింబల్ హెడ్ కొనమన్నారు, పనికొస్తుందా?

లెన్స్ ఊయలలా వేలాడి ఎటైనా తేలిగ్గా తిరిగే హెడ్ అది. ఎగిరే పక్షిని ఫోటో తీయడానికి అద్భుతం. వీడియోలో నెమ్మదిగా పాన్ చేస్తే (పక్కకి తిప్పితే) చేతి వణుకు అంతా కనిపిస్తుంది. వద్దు.

ట్రైపాడ్ మీద పెట్టినా వీడియో అటూ ఇటూ తేలుతున్నట్టుంది?

స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దే ఫీచర్) ఆన్‌లో ఉంది, ఆపేయండి. కెమెరా కదలకపోయినా అది ఏదో కదులుతోందనుకుని సర్దుతూ ఉంటుంది.

బీన్ బ్యాగ్‌లో ఏం నింపుకోవాల?

లెన్స్ కింద పెట్టే గింజల సంచి ఇది, కారు కిటికీ మీద ఆనించడానికి ఇంతకంటే మంచిది లేదు, పావు ఖర్చుతో సగం ట్రైపాడ్. గింజ చిన్నగా, గుండ్రంగా ఉంటే లెన్స్ బాగా కూర్చుంటుంది. నేను తేలిగ్గా ఉంటుందని ఒకసారి బొరుగులు నింపాను, మధ్యాహ్నానికి పొడి అయి సంచి పాపడ్ లాగా చదునైపోయింది. తర్వాత శనగలు పోశాను. తలకోనలో కారు బానెట్ మీద పెట్టి మంచినీళ్ళ బాటిల్ తీసుకునేలోపు ఒక ముసలి కోతి వచ్చి, కుట్టు ఎక్కడుందో వెతికి, పళ్ళతో దారం తెంపింది. అంత శ్రద్ధగా మా టైలర్ కూడా కుట్టలేదు. రెండు నిమిషాల్లో పదిహేను కోతులు, నా శనగలు. వీడియో తీయడానికి కెమెరా ఉంది కానీ ఆనించడానికి సంచి లేదు. ఇప్పుడు చెప్పుల షాపుల్లో పారేసే స్పాంజి ముక్కలు కత్తిరించి నింపుతున్నా, ఏ కోతీ పట్టించుకోదు.

## అడవిలో, చెరువు దగ్గర

ఎండలో వీడియో తెల్లగా పేలిపోతోంది, షట్టర్ పెంచొచ్చా?

షట్టర్ వేగం పెంచితే కదలిక తునకలు తునకలుగా కనిపిస్తుంది, ముఖ్యంగా రెక్కలు. 25 ఫ్రేములకు షట్టర్ 1/50, 50 ఫ్రేములకు 1/100 దగ్గర ఉంచి, ఎన్‌డీ ఫిల్టర్‌తో (వెలుతురు ఆపే నల్లద్దం) వెలుతురు తగ్గించాలి. నడినెత్తిన ఎండలో 1/50, ఎఫ్ 6.3, తర్వాత రంగులు దిద్దుకునే లాగ్ మోడ్‌లో ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే అంకె) 800 అయితే ఆరున్నర స్టాపుల దాకా కోయాలి.

తలనొప్పి ఎక్కడంటే ఈ లెన్స్‌ల ముందు భాగం, కెనాన్ 100-500 తప్ప, 95 ఎంఎం వెడల్పు. చవక వేరియబుల్ (తిప్పితే నలుపు మారే) ఎన్‌డీ పెడితే 600 దగ్గర బొమ్మ మెత్తబడుతుంది, అంత డబ్బు పెట్టి కొన్న లెన్స్‌ ముందు కిటికీ అద్దం పెట్టినట్టే. స్థిరమైన ఎన్‌డీ ఒకటి మంచిది కొనండి. కెనాన్ వాళ్ళు పాత ఈఎఫ్ లెన్స్‌లను కొత్త ఆర్ బాడీకి తగిలించే అడాప్టర్‌లో వెనకే ఎన్‌డీ పెట్టుకోవచ్చు, అది చక్కటి దారి. సోనీ ఎఫ్ఎక్స్6 లాంటి వాటిలో బాడీలోనే ఎన్‌డీ ఉంటుంది.

పులికాట్‌లో దూరంగా తీస్తే బొమ్మ నీళ్ళలో చూసినట్టు వణుకుతోంది. లెన్స్ పాడైందా?

లెన్స్ బాగానే ఉంది, గాలి బాగాలేదు. ఎండకు కాగిన బురద నుంచి లేచే వేడి గాలి వెలుతురును వంచుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. ఏ లెన్స్ కొన్నా, ఎంత ఎడిట్ చేసినా పోదు. సూర్యోదయం నుంచి ఎనిమిదిన్నర దాకా తీసి, తర్వాత ఇడ్లీ తినడానికి సూళ్ళూరుపేట పోండి. కారు లోపల ఏసీ వేసుకుని కిటికీలోంచి తీసినా ఇదే జబ్బు వస్తుంది, ఏసీ కాసేపు ముందే ఆపండి.

ఆటోఫోకస్ జంతువును వదిలేసి కొమ్మల మీదికి పోతోంది?

600లో ఎఫ్ 6.3 దగ్గర, 20 మీటర్ల దూరాన, స్పష్టంగా కనపడే లోతు 40 సెంటీమీటర్లే. దుప్పి మూతి ఒకచోట, తోక ఇంకోచోట. పొదల్లో ఫోకస్ ఏరియా చిన్న చుక్కకి తగ్గించండి, లెన్స్ పక్కన ఉండే లిమిటర్ స్విచ్‌తో ఫోకస్ దగ్గరి దూరాలకు పోకుండా చేయండి, ఒకసారి దొరికాక మాన్యువల్‌కి మార్చి వదిలేయండి. నిలబడి మేస్తున్న జంతువుకు ఆటోఫోకస్ అక్కర్లేదు.

దేవాంగ పిల్లిని (రాత్రిపూట చెట్ల మీద తిరిగే పెద్ద కళ్ళ చిన్న జంతువు) రాత్రిపూట తీయాలి, ఎంత లైటు కావాల?

తెల్ల లైటు అసలు వద్దు. దాని కళ్ళు చీకటికి పుట్టినవి, టార్చి కొడితే గుడ్డిదైనట్టు కొమ్మ మీద బిగుసుకుపోతుంది. "ఎంత బాగా పోజిచ్చిందో" అని మురిసిపోయే వీడియోలు చాలావరకు అవే. మసక ఎర్ర లైటు, సోనీ ఏ7ఎస్3 లేదా ఎఫ్ఎక్స్3 లాగా ఐఎస్ఓ 12800 దగ్గర కూడా శుభ్రంగా తీసే బాడీ, మీ పెళ్ళిళ్ళ 70-200 ఎఫ్ 2.8 చాలు. ఆరు మీటర్లలో 200 పెడితే ఫ్రేము మీటరు చిల్లర. 600 ఇంట్లో పెట్టి రండి. అభయారణ్యంలోకి రాత్రి సొంతంగా పోవద్దు, అనుమతి ఉన్నవాళ్ళతోనే.

అలిపిరి మెట్ల దారిలో చిరుత తిరుగుతుందట, అక్కడ కాపు కాయొచ్చా?

వద్దు. 2023లో ఆ దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. మీరు పొదల పక్కన దాక్కుంటే మీకూ, మిమ్మల్ని వెతికే గార్డుకీ ప్రమాదం. చిరుత వీడియో కావాలంటే అటవీ శాఖ అనుమతితో కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే తీసే కెమెరా) ఒక్కటే సరైన దారి.

పలమనేరు వైపు ఏనుగులు పొలాల్లోకి వస్తాయంట, పోయి తీయొచ్చా?

కౌండిన్య అభయారణ్యం పక్క ఊళ్ళలో అది వినోదం కాదు, రైతుకి పంట పోతున్న రాత్రి. టపాసులకు బెదిరిన మంద ఏ వైపు పరిగెత్తుతుందో తెలియదు. లెన్స్ ఎంత పొడవున్నా చీకట్లో కాలినడకన పోవద్దు.

పర్మిషన్ కావాలా? డ్రోన్ ఎగరేయొచ్చా?

రోడ్డు మీద నుంచి పక్షుల్ని తీయడం వేరు, శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోకో అభయారణ్యంలోకో పోయి సినిమా తీయడం వేరు. 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. 2022 సవరణలో ఫిల్మ్ తీయడాన్ని కూడా పేరు పెట్టి చేర్చారు. ముందుగా తిరుపతిలోని వైల్డ్‌లైఫ్ ఆఫీసులో అడగండి, కనీసం నెల ముందు. డ్రోన్ సంగతి: తిరుమల మీద నిషేధం, పులికాట్ పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం. ఇంట్లో పెట్టుకోండి.

సౌండ్ ఎలా?

200 మీటర్ల అవతల పక్షి అరుపు కెమెరా మైకులో పడదు, పడేది మీ ఊపిరీ, శ్రీహరికోట బస్సు హారనూ. చిన్న రికార్డరు, గాలి ఆపే బొచ్చు కవరు కొనుక్కుని, ఆ చోటు సౌండ్‌ని విడిగా పది నిమిషాలు తీసుకోండి.

## ఇంటికొచ్చాక

ఎంత స్టోరేజి పెట్టుకోవాల?

సెకనుకు 200 మెగాబిట్ల రికార్డింగ్ అయితే గంటకు 90 జీబీ. రెండు హార్డ్ డిస్కులు, రెండు వేర్వేరు చోట్ల. రెండూ ఒకే బ్యాగులో ఉంటే అది ఒక డిస్కు కిందే లెక్క.

లెన్స్‌లో సాలెగూడు లాంటిది కనిపిస్తోంది, ఏంది?

ఫంగస్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తిరిగి, తడి బ్యాగును అలాగే బీరువాలో పెడితే వచ్చేది ఇదే. ఇంటికి రాగానే అన్నీ బయట పెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. డ్రై క్యాబినెట్ ఉంటే తేమ 40-50 శాతం మధ్య ఉంచండి. లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, పావు కిలో సిలికా జెల్, పది రూపాయల తేమ మీటరు కాకుండా కాస్త నమ్మకమైనది ఒకటి. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెబితే వినొద్దు, తవుడు దుమ్ము జూమ్ రింగులోకి పోతుంది, దాన్ని విప్పించడానికి మళ్ళీ చెన్నైకే పోవాలి.